దుష్ప్రభావమా, వికటించడమా, పడకపోవడమా: ఏ మాట ఎక్కడ రాయాలి

మందు డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాలతో. దాన్ని తెలుగులోకి తెచ్చే పని నాది. అంతకుముందు పత్రిక డెస్కులో వార్తలు దిద్దేవాణ్ణి. రెండుచోట్లా నా చేతిని ఎక్కువసార్లు ఆపిన మాట సైడ్ ఎఫెక్ట్. దానికి దుష్ప్రభావం అని రాసేసి ముందుకెళ్లడం అందరికీ అలవాటు. చాలాచోట్ల సరిపోతుంది కూడా. సరిపోనిచోట మాత్రం మందు వాడాల్సిన మనిషి భయపడి మానేస్తాడు, లేదా తప్పు చేయనివాళ్ల మీద తప్పు పడుతుంది. కాబట్టి ఏది ఎక్కడ రాయాలో నేను తేల్చుకునే పద్ధతి చెబుతాను.

ముందు ఆ రెండు మాటల లోపలికి చూడండి. దుష్ప్రభావంలో చెడు ఉంది, పక్కన అనే అర్థం లేదు. సైడ్ ఎఫెక్ట్‌లో పక్కన ఉంది, చెడు లేదు. తిప్పలన్నీ ఇక్కడినుంచే. పొగాకు దుష్ప్రభావాలు అంటాం. పొగాకు సైడ్ ఎఫెక్టులు అని చూడండి, వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. పక్కన అనాలంటే నడుమ ఒక అసలు పని ఉండాలి కదా. పొగాకు ఏ జబ్బు తగ్గించడానికి వాడుతున్నాం గనక? మద్యం కాలేయం మీద చూపేది దుష్ప్రభావం. రక్తపోటు మాత్ర వేసుకుంటే వచ్చే పొడిదగ్గు దుష్ప్రభావమూ అవుతుంది, సైడ్ ఎఫెక్టూ అవుతుంది.

అందుకని కలం కదిలించే ముందు నేను వేసుకునే ప్రశ్న: దీని అసలు పని ఏమిటి? జవాబు మారితే మాట మారుతుంది. డైఫెన్‌హైడ్రమిన్ అనే మందునే తీసుకోండి. తుమ్ములకు, దురదకు వేసుకుంటే మత్తు రావడం సైడ్ ఎఫెక్ట్. కొన్ని దేశాల్లో అదే మందును నిద్ర పట్టడానికి అమ్ముతారు, అప్పుడు ఆ మత్తే అసలు పని. మినాక్సిడిల్ మొదట రక్తపోటు తగ్గించడానికి వచ్చిన మాత్ర. వాడినవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం చూసి, తర్వాత దాన్ని బట్టతలకు పూతమందుగా మార్చారు. సిల్డెనాఫిల్‌ను పరీక్షించింది గుండెనొప్పి కోసం. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం అంగస్తంభన సమస్యకు. ఈ కథల్లో దుష్ప్రభావం అని రాస్తే వాక్యం తలకిందులవుతుంది. "ఒక దుష్ప్రభావం వరంగా మారింది" అని రాస్తుంటారు, నాకు నచ్చదు. ఇలాంటిచోట "అనుకోకుండా కలిగిన మేలు" అంటే చాలు. దీనికి తెలుగులో ఒక్క మాట లేదని బాధపడి ఏదో సమాసం పుట్టించనక్కర్లేదు. పార్శ్వ ప్రభావం అని కొందరు రాస్తున్నారు. తప్పు కాదు గానీ, చదివేవాళ్లలో సగంమందికి పార్శ్వపు తలనొప్పి గుర్తొస్తుంది.

అక్షరాల సంగతి త్వరగా ముగిద్దాం. దుః అన్నదాని తర్వాత ప వస్తే మధ్యలో ష్ వస్తుంది: దుష్ప్రభావం, దుష్పరిణామం. క వచ్చినా అంతే, దుష్కరం. చ వస్తే శ్, దుశ్చర్య. కాబట్టి దుశ్ప్రభావం తప్పు, దుస్ప్రభావం కూడా తప్పే. టైపు చేసేటప్పుడు రవొత్తు ముందుకు జరిగి "దుష్ర్పభావం" అవుతుంటుంది. పత్రికల్లో రోజూ కనిపించే తప్పు ఇది, కళ్లు దాన్ని పట్టుకోవు, వెతికి దిద్దాలి. చెడు దుష్ప్రభావాలు అని రాయకండి, దుష్‌లో చెడు ఉండనే ఉంది. సైడ్ ఎఫెక్ట్స్‌లు అనకండి, స్ ఒక బహువచనం, లు ఇంకోటి. సైడ్ ఎఫెక్టులు అంటే చక్కగా ఉంటుంది. క్రియ విషయానికొస్తే, దుష్ప్రభావాలు ఉంటాయి, కనిపిస్తాయి, తలెత్తుతాయి. మందు కాలేయంపై దుష్ప్రభావం చూపుతుంది. దుష్ప్రభావాలు చేస్తుంది అన్నది తెలుగు కాదు.

ఇక విశేషణాలు. అనుకోని, ఆశించని, అవాంఛిత: ఈ మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. మందు కాగితం మీద అచ్చేసి ఉన్నది అనుకోనిది ఎలా అవుతుంది? తయారుచేసినవాళ్లకు తెలుసు, డాక్టరుకు తెలుసు, చదివితే మీకూ తెలుసు. అది ఆశించనిది, అంటే కోరుకోనిది. ఎవరూ ఊహించనిది వస్తేనే అనుకోనిది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1936లోనే, మనిషి ఒక ఉద్దేశంతో చేసిన పనికి వేరే ఫలితాలు ఎందుకు వస్తాయో విడదీసి చెప్పారు. తెలియకపోవడం, లెక్క తప్పడం ఆయన చెప్పిన కారణాల్లో ఉన్నాయి. అప్పటికప్పుడు కావాల్సినదాని మీదే మనసుపెట్టి, మిగతాది పట్టించుకోకపోవడం కూడా ఉంది. అనుకోని పరిణామం అనే మాట ఈ చివరిదానికి చెల్లదు. తెలిసి కూడా కళ్లు మూసుకున్నవాళ్లకు అది మంచి ముసుగు. ఒక అధికారి ప్రకటనలో "అనుకోని పరిణామాలు" అని ఉంటే, ఎవరు అనుకోలేదు అని అడగడం డెస్కులో నాకు పట్టిన అలవాటు.

నిజానికి రోగి చదివే కాగితంలో నేను దుష్ప్రభావం అనే మాటను శీర్షికలో ఒకసారి వాడి, ఆ తర్వాత వీలైనంత తప్పిస్తాను. ఏం జరుగుతుందో నేరుగా చెప్పేయడమే మేలు. రిఫాంపిసిన్ క్షయకు వాడే మందు. దీన్ని వాడేవాళ్ల మూత్రం, చెమట, కన్నీళ్లు నారింజ రంగులోకి తిరుగుతాయి. హాని లేదు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లకు వాటిమీద మరక పడవచ్చు, అంతే. దీన్ని తీసుకెళ్లి దుష్ప్రభావాల జాబితాలో మొదటి వరుసలో పెడితే, ఎర్రటి మూత్రం చూసిన మనిషి రక్తం పోతోందనుకుని మందు ఆపేస్తాడు. క్షయ మందులు నెలల తరబడి వాడాల్సినవి, మధ్యలో ఆపితే జబ్బు మొండికెత్తుతుంది. అందుకే ఇలా రాస్తాను: "మూత్రం నారింజ రంగులో రావచ్చు. ఇది మందు రంగు. మందు ఆపకండి." ఐరన్ మాత్రలకు మలం నల్లబడటం కూడా ఇలాంటిదే. కాకపోతే అక్కడ ఇంకో వాక్యం కలపాలి: తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే అది మాత్ర వల్ల కాకపోవచ్చు, లోపల రక్తస్రావం కావచ్చు, వెంటనే చూపించుకోవాలి.

ఒంటి మాటలు మనకు బోలెడున్నాయి, వాటిని వదిలి పుస్తకాల మాటలు పట్టుకోవడం దేనికి? వికారం అనొచ్చు, కడుపులో తిప్పడం అంటే ఇంకా సూటిగా ఉంటుంది. కళ్లు తిరగడం, నోరు ఎండిపోవడం, మత్తుగా ఉండటం, దద్దుర్లు లేవడం, గుండె దడ. రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకు "పరిధీయ శోథ" రావచ్చని ఒక అనువాదంలో చదివాను. పాదాలకు నీరు పట్టవచ్చు అంటే అందరికీ తెలుస్తుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి రక్తపోటు మందులకు పొడిదగ్గు అంటే సరిపోతుంది. ఆ మందులు అడ్డుకునే ఎంజైమే బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుంది. ఆ పని ఆగడంతో అది పేరుకుని దగ్గు తెప్పిస్తుంది. ఈ సంగతి రోగికి రెండు ముక్కల్లో చెబితే, దగ్గుమందు తాగుతూ కూర్చోకుండా డాక్టరును అడుగుతాడు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసే మాట "సాధారణ". ఇంగ్లీషు కాగితంలో తరచుగా కనిపించేవి అని ఉన్నచోట సాధారణ దుష్ప్రభావాలు అని దించేస్తారు. తెలుగులో సాధారణం అంటే మామూలే, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు అని కూడా అర్థం. ఎంతమందికి వస్తుందో చెప్పే మాట, ఎంత ప్రమాదమో చెప్పే మాట ఒకటైపోయాయన్నమాట. పైగా ఎంతమందికి వస్తుందో చెప్పడానికి మందు కాగితాల్లో వాడే వర్గీకరణలో ఒక్కో మాటకు లెక్క ఉంది. ప్రతి 10 మందిలో ఒకరికి లేదా అంతకన్నా ఎక్కువమందికి వస్తే చాలా తరచుగా వచ్చేవి. 100 మందిలో ఒకరి నుంచి పదిమంది లోపు అయితే తరచుగా వచ్చేవి. 1,000 మందిలో ఒకరి నుంచి పదిమంది లోపు అయితే అప్పుడప్పుడు. 10,000 మందిలో ఒకరి నుంచి పదిమంది లోపు అయితే అరుదు. 10,000 మందిలో ఒకరికన్నా తక్కువైతే చాలా అరుదు. తరచుగా అనగానే సగంమందికి వస్తుందనుకుంటాం, చూడబోతే వందలో పదిమంది కూడా లేరు. అందుకని విశేషణం పక్కన అంకె పెట్టండి, చోటు తక్కువైతే విశేషణం తీసేసి అంకె ఉంచండి.

తీవ్రమైన అన్నదానితో కూడా ఇదే పేచీ. తీవ్రత అంటే జోరు. తలనొప్పి తీవ్రంగా ఉండొచ్చు, ప్రాణానికేమీ కాకపోవచ్చు. మందుల భద్రత చూసేవాళ్ల లెక్కలో ప్రమాదకరం అనాలంటే మరణం, ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేరాల్సి రావడం, శాశ్వత వైకల్యం, బిడ్డకు పుట్టుకతో లోపం వంటిది ఉండాలి. ఈ రెండింటికీ తీవ్రమైన అనే ఒక్క మాటే వాడితే, గుండె జబ్బు, కాలి తిమ్మిరి ఒకే వరుసలో నిలబడతాయి. నేను జోరుకు తీవ్రమైన, అపాయానికి ప్రమాదకరమైన అని విడగొట్టి, కాగితం పొడవునా ఆ గీత దాటకుండా చూసుకుంటాను.

రావచ్చు, వస్తుంది. ఈ తేడా చెప్పక్కర్లేదనుకుంటాను. వస్తుంది అని రాసిందల్లా జోస్యమే.

వార్తల వైపు వస్తే, మనవాళ్లకు అత్యంత ఇష్టమైన మాట వికటించి. "ఇంజెక్షన్ వికటించి మృతి", "ఆపరేషన్ వికటించి బాలింత మృతి." మంచి మాటే, బలం ఉన్న మాట. వైద్యం దారి తప్పి ఎదురుతిరిగిందని చెబుతుంది. చిక్కు కూడా ఆ బలంలోనే ఉంది. వికటించి అని రాశారంటే కారణం తేల్చేశారన్నమాట. శవపరీక్ష కాలేదు, నివేదిక రాలేదు, విలేకరి మాత్రం ఒక్క అసమాపక క్రియతో తీర్పు చెప్పేశాడు. మందు మోతాదు తప్పిందా, ఒంటికి పడలేదా, జబ్బే ముదిరిందా, ఏదీ తెలియనప్పుడు "ఇంజెక్షన్ తర్వాత మృతి" అని రాయాలి. చప్పగా ఉంటుందని సబ్‌ఎడిటర్లు గొణుగుతారు. ఉండనివ్వండి. కుటుంబం ఆరోపిస్తే "ఇంజెక్షన్ వికటించిందని కుటుంబసభ్యుల ఆరోపణ" అనొచ్చు, అప్పుడు ఆ మాట ఎవరిదో తెలుస్తుంది.

తర్వాత, వల్ల: టీకాల వార్తల్లో వీటి మధ్య దూరం చాలా ముఖ్యం. టీకా వేసుకున్నాక వచ్చిన ప్రతి ఇబ్బందినీ నమోదు చేస్తారు, అది టీకా వల్ల వచ్చిందో లేదో తర్వాత పరిశీలిస్తారు. ఆ నమోదును చెప్పడానికి "టీకా తర్వాత తలెత్తిన ఇబ్బందులు" అనాలి. "టీకా దుష్ప్రభావాలు" అని రాయాలంటే ఆ పరిశీలన పూర్తయి ఉండాలి. కోట్లమందికి టీకా వేస్తే, ఆ వారంలో ఎలాగూ జబ్బు పడాల్సినవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు కదా.

ప్రభావం నుంచి పరిణామానికి, అక్కణ్ణుంచి పర్యవసానానికి దూరం పెరుగుతూ పోతుంది. మందు ఒంట్లో ఉన్నంతసేపు చేసేది ప్రభావం, అది పోయాక కూడా మిగిలేది పరిణామం. థాలిడోమైడ్‌ను 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా అమ్మకానికి పెట్టారు. గర్భిణులు వికారానికి కూడా వాడారు. చేతులు, కాళ్లు సరిగా ఏర్పడని పిల్లలు పుట్టారు, ప్రపంచం మొత్తమ్మీద పదివేలకు పైనే. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే అధికారిణి, ఆధారాలు చాలవని అనుమతి ఆపడంతో అక్కడ మార్కెట్‌లోకి రాలేదు. ఇక్కడ దుష్ప్రభావం చాలా చిన్న మాట, దుష్పరిణామం అనాల్సిందే. విచిత్రమేమిటంటే ఆ మందే 1998లో కుష్ఠువ్యాధిలో వచ్చే ఒక రకం చర్మపు వాపుకు, కఠినమైన నిబంధనలతో, అమెరికాలో అనుమతి పొందింది. పరిణామం ఒంటరిగా ఉంటే చెడ్డమాట కాదని మాత్రం మరవకండి. జీవ పరిణామం, తాజా పరిణామాలు అంటాం. చెడు అని తేలాలంటే దుష్ ఉండాలి, లేదా వాక్యమే చెప్పాలి.

పర్యవసానం గొలుసు చివరి కొస. పశువుల నొప్పులకు, వాపులకు డైక్లోఫెనాక్ ఇచ్చారు. పశువుకు నొప్పి తగ్గింది, మందు తన పని తాను చేసింది. ఆ పశువు చచ్చాక కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1990ల నుంచి మన దేశంలో రాబందులు కళ్లముందే కనుమరుగైపోతుంటే కారణం దొరకలేదు, 2004లో దొరికింది. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం నిషేధించింది. దీన్ని డైక్లోఫెనాక్ దుష్ప్రభావం అని రాస్తే, మందు వేసుకున్న ప్రాణికే ఏదో అయిందనిపిస్తుంది. రాబందుల మరణం పశువైద్యంలో డైక్లోఫెనాక్ వాడకానికి పర్యవసానం. ఒకరికి చేసిన పని చుట్టూ తిరిగి, సంబంధం లేని ఇంకొకరి దగ్గర తేలితే నేను ఈ మాటే ఎంచుకుంటాను.

బెడిసికొట్టడం మళ్లీ వేరు. అక్కడ అసలు పనే ఎదురుతిరుగుతుంది. 1902లో హనోయ్‌లో ఫ్రెంచి పాలకులు ఎలుకల బెడద తగ్గించడానికి, తోక తెచ్చి చూపిస్తే డబ్బిస్తామన్నారు. జనం తోక కోసి ఎలుకను వదిలేశారు, అది పిల్లలు పెడితే మళ్లీ తోకలు దొరుకుతాయని. కొందరైతే ఎలుకల్ని పెంచారు కూడా. దీనికి సైడ్ ఎఫెక్ట్ అనడం పొరపాటు, పథకం పని చేస్తూ పక్కన ఏదో జరగలేదు, పథకమే బెడిసికొట్టింది.

సామెతలు కూడా ఈ గీతల మీదే నడుస్తాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది: చిన్నదాన్ని బాగుచేయబోయి పెద్దది పోగొట్టుకోవడం. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది: అనుకున్నది రాకుండా ఇంకేదో రావడం. మొదటిది వైద్యానికి, ప్రభుత్వ పథకాలకు బ్రహ్మాండంగా అతుకుతుంది. రెండోది నైపుణ్యం లేని పనికి. శీర్షికల్లో వీటిని తారుమారు చేస్తే, మందు తప్పో, చేయి తప్పో చదివేవాడికి తెలియదు.

కంప్యూటర్ ప్రోగ్రాముల గురించి రాసేవాళ్లు సైడ్ ఎఫెక్ట్ అనే ఉంచేయండి, దయచేసి. అక్కడ దానికి చెడు అర్థం లేదు. ఒక ఫంక్షన్, అంటే ప్రోగ్రాములో ఒక పని చేసిపెట్టే చిన్న భాగం, జవాబు ఇవ్వడంతో ఆగకుండా ఫైల్లో ఏదైనా రాసినా, బయట ఉన్న విలువను మార్చినా అది సైడ్ ఎఫెక్టే, చాలాసార్లు కావాలని చేసేదే. "ఈ ఫంక్షన్‌కు దుష్ప్రభావాలు లేవు" అని చదివితే దాన్ని పరగడుపున వేసుకోవాలా, భోజనం తర్వాతా అని అడగాలనిపిస్తుంది.

చివరగా నోటి మాట. మనిషిని "సైడ్ ఎఫెక్ట్స్ ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే "లేవండీ" అంటారు. "ఈ మాత్ర మొదలుపెట్టాక ఒంట్లో కొత్తగా ఏమైనా తేడా చేసిందా?" అని అడగండి. నిద్ర, విరేచనం, ఆకలి, దురద, ఒక్కోటీ బయటికొస్తాయి. "ఆ మందు నాకు పడలేదమ్మా" అని పెద్దవాళ్లు అన్నప్పుడు అక్కడితో వదలకూడదు. పడలేదు అంటే దద్దుర్లు లేచి ఊపిరాడలేదని కావచ్చు, కడుపులో మండిందని కావచ్చు, జబ్బు తగ్గలేదని కూడా కావచ్చు. పెన్సిలిన్ పడదు అన్న మాట ఫైలులోకి ఎక్కితే ఏళ్ల తరబడి వైద్యాన్ని శాసిస్తుంది, కాబట్టి ఏం జరిగిందో అడిగి అదే రాయాలి. రియాక్షన్ వచ్చింది అన్నా అంతే. వేడి చేసింది అంటే నోటిపూతా, మూత్రంలో మంటా, కళ్లమంటా అని అడగండి.

మందు వల్ల ఇబ్బంది కలిగిందనిపిస్తే, మన దేశంలో 2010 నుంచి నడుస్తున్న ఫార్మకోవిజిలెన్స్ (మందుల భద్రతను కనిపెట్టి చూసే) కార్యక్రమానికి రోగులు కూడా నేరుగా తెలియజేయవచ్చు. దాన్ని చూసేది గాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్, టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. అక్కడ "దుష్ప్రభావం వచ్చింది" అన్న వాక్యం ఎందుకూ పనికిరాదు. ఎవరికి, ఏ మందుకు, ఏమైంది, చెబుతున్నది ఎవరు: ఈ నాలుగూ తప్పనిసరి. మందు ఎందుకోసం వాడారు, ఏ తేదీన మొదలుపెట్టారు, ఇబ్బంది ఎప్పుడు కనిపించింది, ఆపాక తగ్గిందా, పక్కన ఇంకేం మందులు వాడుతున్నారు, డబ్బా మీద బ్యాచ్ నంబరు ఎంత, ఇవి కూడా రాయండి. మళ్లీ వేసుకుంటే మళ్లీ వచ్చిందా అనే గడి కూడా ఫారంలో ఉండొచ్చు. దాన్ని నింపడం కోసం మాత్రం మీ అంతట మీరు వేసుకుని చూడకండి.